దండెం మీద కరెంటు

పెడనలో ధనుంజయరావు ఇంటికి కరెంటు వచ్చిన ఏడాదే వెనక పెరట్లోని అద్దకం పాకకీ దీపం వచ్చింది. ఇంటికి ఇచ్చింది కరెంటాఫీసు వాళ్ళు. పాకకి ఇచ్చుకున్నది ధనుంజయరావే. బందరు వెళ్ళి, నూలు తొడుగు ఉన్న మెలి వైరు ఒక చుట్ట కొనుక్కొచ్చి, వసారాలో స్విచ్చుల దగ్గర్నుంచి లాగి, పెరడంతా దాటించి, పాక నడిమి దూలానికి బల్బు వేలాడదీశాడు. మధ్యలో వైరు కిందికి జారకుండా ఏం చెయ్యాలా అని ఆయన అట్టే ఆలోచించలేదు. వసారా స్తంభానికీ పాక గుంజకీ మధ్య బట్టలారేసే ఇనుప తీగ ఉండనే ఉంది. వైరుని దానికే చుట్టబెట్టుకుంటూ తీసుకుపోయాడు. "చూశావా హైమా! స్తంభాలు పాతే పని లేదు, ఎవర్నీ బతిమాలుకునే పని లేదు" అని భార్యకి చూపించి మురిసిపోయాడు. హైమావతి కూడా మురిసిపోయింది. ఎందుకు మురవదూ? మబ్బు పట్టిన రోజున ఎర్ర అచ్చు పక్కన నల్ల అచ్చు ఎక్కడ పడుతోందో కనబడక అద్దేవాళ్ళు కళ్ళు చికిలించుకోవడం ఆమె కాపురానికొచ్చిన నాటినుంచీ చూస్తున్నదే.

ఎండాకాలమంతా బాగానే గడిచింది. ఉతికిన బట్టలు కాలువ గట్టు మీద పరిస్తే అటు తిరిగి ఇటు చూసేలోగా ఆరిపోయేవి. దండేలతో పనేముంది? శ్రావణం వచ్చి ముసురు పట్టేసరికి ఆ పనంతా పెరట్లోకి, తాటాకు పందిరి కిందికి వచ్చిపడింది. కాలువలో జాడించిన బట్టలూ, కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపినవీ, బట్ట నేలంతా ఎరుపు రావడానికి నిలువునా పటిక నీళ్ళలో ముంచినవీ, అన్నీ ఆ తీగల మీదే ఆరాలి. పందిరి కింద నేల ఆరిందన్న మాట లేదు. ఆడవాళ్ళు పొద్దస్తమానం ఆ తడిలోనే ఒట్టి కాళ్ళతో తిరుగుతుంటారు. మగవాళ్ళు పాకలో పొడి చాపల మీద బాసింపట్లు వేసుకుని అచ్చులు అద్దుతుంటారు. పని పంపకం ఎప్పట్నుంచో అలాగే ఉంది. దాని గురించి ఆలోచించినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ ముసురులోనే ఒకనాటి పొద్దున హైమావతి వసారాలో కరక్కాయలు దంచుతోంది. పందిరి కింద సుబ్బాయమ్మ, పటిక నీళ్ళు ఓడుతున్న దుప్పటి బట్టని భుజం మీదినుంచి తీగ మీదికి విసిరి, ముడతలు తీయడానికి ఒక చేత్తో బట్టనీ రెండో చేత్తో తీగనీ పట్టుకుంది. "అమ్మో!" అని ఒక్క కేక పెట్టి వెనక్కి పడినంత పని చేసింది. దుప్పటి జారి బురదలో కూలబడింది.

సుబ్బాయమ్మ నలభై దాటిన మనిషి. ఉతుకుడు పనిలో ఆ వీధి మొత్తానికి ఆమెని మించినవాళ్ళు లేరు. రంగు బానలో చెయ్యి కాలినా కిక్కురుమనని రకం. అలాంటి మనిషి కేక పెట్టేసరికి హైమావతి రోకలి ఆగిపోయింది.

"ఏమైంది? ఏమైంది?" అంటూ ధనుంజయరావు పాకలోంచి వచ్చాడు. బురదలో పడి ఉన్న దుప్పటి కనబడగానే ఆయన మొహం మాడిపోయింది. పటికలో ముంచిన బట్టకి బురద అంటిందంటే ఇంక ఆ మచ్చ చచ్చినా పోదు.

"తీగ కొట్టిందన్నయ్యగారూ. జివ్వుమని మోచేతి దాకా లాగేసింది" అంది సుబ్బాయమ్మ.

"తీగ కొట్టటమేంటి?"

"ఏమో, నాకేం తెలుసు? పట్టుకుంటే కొట్టింది."

ధనుంజయరావు టైరు చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి తీగని గుప్పెటతో పట్టుకున్నాడు. ఇక్కడ పట్టుకున్నాడు, అక్కడ పట్టుకున్నాడు. "ఏదీ? నన్ను కొట్టదేం?" అన్నాడు.

అద్దేవాళ్ళలో పున్నారావు అని ఒక గడుసువాడున్నాడు. వాడు పాక అరుగు మీదినుంచే చెయ్యి చాచి తీగ కొసని ముట్టుకుని, "నాకూ ఏం లేదు మావయ్యా. సుబ్బాయమ్మక్కకి ఒంట్లో వాతం చేరినట్టుంది. కాస్త శొంఠి కషాయం తాగించండి" అన్నాడు. పాకలో అందరూ ఘొల్లుమన్నారు.

"పట్టుకో, నా ఎదర పట్టుకో చూద్దాం" అన్నాడు ధనుంజయరావు.

సుబ్బాయమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. "నరికినా పట్టుకోను."

అదుగో, అక్కడే ఆయనకి ఒళ్ళు మండింది. ఆ లైను ఆయన స్వయంగా, చెమటలు కక్కుతూ వేసుకున్నది. వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించుకున్నది. "బట్టని బురదపాలు చేసింది గాక నా కరెంటుకి వంకలు పెడతావా? పని చెయ్యటం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. వానలు వెనకబట్టిందాకా ఇంటి దగ్గరే ఉండు. నీ తీగ గోలా ఉండదు, నీ కేకలూ ఉండవు."

సుబ్బాయమ్మ తడిసిన కుచ్చెళ్ళు పిండుకుని, హైమావతి వైపు ఒక్కసారి చూసి, దొడ్డి గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఈ వానలకి ఆమె మొగుడి మగ్గం గుంటలో నీళ్ళూరి నేత ఆగిపోయిందనీ, ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది సుబ్బాయమ్మ కూలితోనే అనీ హైమావతికి తెలుసు. తెలిసీ రోకలి ఎత్తి దించింది గానీ నోరు మెదపలేదు. పదిమందిలో మొగుడికి ఎదురు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. ఛీ, ఏం అలవాటో!

మర్నాడు ముసురు ఇంకా జోరైంది. ఒక మనిషి తగ్గేసరికి ఉతికిన బట్టలు గంగాళాల్లోనే గుట్టలు పడిపోయాయి. హైమావతి గబగబా వంట ముగించి పందిరి కిందికి వచ్చింది. అమ్మాజీ అని, ఆ ఏడే పెళ్ళయి వచ్చిన పిల్ల, ఒక్కతే ఆరేస్తోంది. దాని వాలకం హైమావతికి వింతగా కనిపించింది. బారెడు దూరంలో నిలబడి వల విసిరినట్టు బట్టని తీగ మీదికి విసురుతుంది. తర్వాత ఒక వెదురు కర్ర పుచ్చుకుని దాంతో ముడతలు సర్దుతుంది. తీగ జోలికి మాత్రం చెయ్యి పోనివ్వదు.

"ఆ కర్రేంటే అమ్మాజీ?"

"ఏం లేదు పిన్నిగారూ. నాకు తీగ అందదు."

అందకపోవడమేంటి? అది సుబ్బాయమ్మ కంటే జానెడు పొడుగు. హైమావతి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది. "నిన్ను కూడా కొట్టిందా?"

అమ్మాజీ పాక వైపు బెదురుగా చూసింది. "నేనేం చెప్పలేదు పిన్నిగారూ. మీకు పుణ్యముంటుంది, నేను చెప్పానని మాత్రం అనకండి" అని, గబుక్కున వంగి గంగాళంలోంచి ఇంకో బట్ట తీసుకుంది.

నమ్మాలా వద్దా? నిన్న తన కళ్ళ ముందే కదా ఆయన అంతసేపు పట్టుకున్నాడు! ఆలోచిస్తూనే హైమావతి ఒక దుప్పటి తీసి తీగ మీద వేసింది. అది ఒక పక్కకి జారిపోతుంటే చెయ్యి అలవాటు కొద్దీ తీగ మీదికి పోయింది.

అంతే! భుజం దాకా ఎవరో లోపలినుంచి పట్టి గుంజినట్టయింది. చెయ్యి ఎలా ఊడి వచ్చిందో ఆమెకే తెలియదు. తడి నేల మీద చతికిలబడి ఉంది. అమ్మాజీ పరిగెత్తుకొచ్చి "పిన్నిగారూ! పిన్నిగారూ!" అంటోంది. ముందు భయం వేసింది హైమావతికి. ఆ భయం తగ్గాక, నిన్న సుబ్బాయమ్మ తనవైపు చూసిన చూపు గుర్తొచ్చి సిగ్గుతో తల పైకెత్తలేకపోయింది.

ఆమె కేక పెట్టలేదు. లేచి, అమ్మాజీనీ బట్టలు పిండుతున్న మిగతా ఆడవాళ్ళనీ పందిరి కిందినుంచి అవతలికి పొమ్మంది. వసారాలోకి వెళ్ళి కాళ్ళూ చేతులూ పొడిగా తుడుచుకుని, పొడి పీట ఒకటి వేసుకుని ఎక్కింది. మెయిను స్విచ్చు కిందికి వేసి, కరెంటాఫీసు మనిషి తీస్తున్నప్పుడు చూసిన ప్రకారమే పింగాణీ ఫీజుని ఊడలాగి, బొడ్లో దోపుకుంది. పాకలో దీపం ఆరిపోయింది.

"కరెంటు పోయిందా?" ధనుంజయరావు బయటికి వచ్చాడు.

"పోలేదు. నేనే తీశాను."

"నువ్వు తియ్యటమేంటి? నీకేమన్నా మతి పోయిందా?"

"నన్నూ కొట్టింది మీ తీగ."

"ఇంకేం! ఆవిడ జబ్బు నీకూ అంటుకుందన్నమాట" అన్నాడాయన, పాకలో వాళ్ళకి వినబడేట్టు.

"అంటుకుంది" అంది హైమావతి. "నాకు అంటుకుంది. ఇంకా అంటుకున్నవాళ్ళున్నారు, పని పోతుందని నోరు మూసుకున్నారు. తడిలో తిరిగేవాళ్ళందరికీ అంటుకుంటోంది. పొడి చాపల మీద కూర్చునేవాళ్ళకి అంటుకోటం లేదు. ఇదేం జబ్బో మీరే చెప్పండి."

పాకలో నవ్వబోయినవాడు నవ్వు మింగేశాడు.

"ఆ వైరు తొడుగు దేంతో చేశారండీ?" అని అడిగింది హైమావతి.

"నూలుతో. అయితే?"

"నూలు గుడ్డ పటిక నీళ్ళు తాగుతుందని మీకు నేను చెప్పాలా? మీ తాతగారి కాడ్నించి ఆ తాగటం మీదే కదా మనం బతుకుతున్నది! ముసురు పట్టిన నాటి నుంచీ ఆ వైరు మీద తడి బట్టలు వేసి పటిక తాగిస్తున్నాం. అది తాగదా? తాగి ఊరుకుంటుందా?"

ధనుంజయరావు ఒకసారి వైరు వంక చూశాడు. తెల్లగా ఉండాల్సిన నూలు తొడుగు కరక్కాయ మరకలతో పసుప్పచ్చగా, ఉబ్బి ఉంది. అంత దగ్గరగా ఆయన దాన్ని ఎప్పుడూ చూడలేదు. అయినా మగ పంతం కదా, అంత తేలిగ్గా దిగుతుందా? "సరే, ఆ సంగతి తీరిగ్గా చూద్దాం. చీకట్లో వాళ్ళెట్టా అద్దుతారు? ఫీజు ఇటివ్వు" అన్నాడు.

"ఇవ్వను. బందరు నుంచి లైసెన్సు ఉన్న వైరుమన్ని పిలిపించండి. ఆయనొచ్చి చూసి ఏం లేదంటే, సుబ్బాయమ్మ వదినని పంపించినట్టే నన్నూ మా పుట్టింటికి పంపించెయ్యండి."

ఆయన గొణిగాడు, విసుక్కున్నాడు, అన్నం ముందు కూర్చుని చారు బాలేదన్నాడు. ఫీజు మాత్రం బొడ్లోంచి బయటికి రాలేదు. తెల్లవారుతూనే గొడుగు పుచ్చుకుని బందరు బస్సెక్కాడు.

ఆయన వెంట వచ్చిన ఏడుకొండలు పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. భుజాన సంచీ దించకుండానే పందిరి కింద తీగనీ, దానికి చుట్టుకున్న వైరునీ ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసుకుంటూ నడిచాడు. "ఎవరండీ ఈ లైను వేసిన మహానుభావుడు?" అని అడిగాడు.

ధనుంజయరావు చూరు వంక చూస్తూ "నేనే" అన్నాడు.

"మీకో దండం. ఇంట్లో బల్లమీది దీపానికి పెట్టుకునే వైరు తెచ్చి వానలో ఆరేశారు!" అన్నాడు ఏడుకొండలు. అందర్నీ వసారాలోకి ఎక్కమని, హైమావతి దగ్గర ఫీజు తీసుకుని తనే పెట్టి మెయిను వేశాడు. సంచీలోంచి రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు తీశాడు. ఒక వైరుకి ఇనుప చువ్వ కట్టి తడి నేలలోకి దిగగొట్టాడు. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని రెండో వైరుని దండెం తీగకి ఆనించాడు.

బల్బు వెలిగింది. పెద్ద వెలుగేం కాదు, కుంపట్లో ఆరబోయే నిప్పులా ఎర్రగా. అయినా వెలిగింది! స్విచ్చు లేదు, హోల్డరు లేదు, బట్టలారేసుకునే తీగ మీద దీపం వెలుగుతోంది. అమ్మాజీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పున్నారావు వసారా అంచు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మరి నన్నెందుకు కొట్టలా? అరుగు మీదినుంచి ముట్టుకున్న పున్నారావునీ కొట్టలేదే?" అన్నాడు ధనుంజయరావు. ఆ గొంతులో బింకం లేదు.

ఏడుకొండలు ఆయన కాళ్ళ వంక చూశాడు. "అవి టైరు చెప్పులే కదండీ? రబ్బరు అడ్డముంటే కరెంటు నేల్లోకి దిగేదెట్టా? మీ పున్నారావు గారు ముట్టుకుంది పొడి అరుగు మీద నిలబడి. ఉతికేవాళ్ళు అట్టా కాదుగా, కాళ్ళూ తడే, చేతులూ తడే. ఈ వైరు లోపల రబ్బరు కూడా పగిలినట్టుంది. ఇంకో ముసురు పట్టిందంటే పట్టుకున్న చెయ్యి ఊడొచ్చేది కాదు. కేక పెట్టినావిడెవరో గానీ, ఆవిడ పుణ్యాన ఇల్లు నిలబడింది."

మెయిను తీసి, కత్తెర పుచ్చుకుని ఆ వైరుని వసారా దగ్గరే తుంచేశాడు ఏడుకొండలు. ధనుంజయరావు వసారా మెట్టు మీద కూలబడ్డాడు. హైమావతి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన చెంబు అందుకున్నాడు గానీ తాగలేదు.

"నా ఎదర పట్టుకోమన్నానే హైమా" అన్నాడు మెల్లగా. "తడి కాళ్ళతో ఉన్న మనిషిని మళ్ళీ పట్టుకోమన్నానే! ఆవిడ వినకపోబట్టి సరిపోయింది గానీ..."

హైమావతికి ఆయన మీద జాలేసింది, కోపమూ పోలేదు. "చెంబు ఖాళీ చెయ్యండి ముందు. ఇంకా చాలా పనుంది" అంది.

పనంటే మామూలు పనా? కరెంటాఫీసులో చెప్పి ఒప్పించుకున్నారు. పెరటి అంచున, దండేలకి ఆమడ దూరాన అన్నట్టు, కొత్తగా స్తంభాలు లేచాయి. వాటి మీద పింగాణీ గిన్నెలు బిగించి, వానకి తట్టుకునే వైరుని తలెత్తి చూడాల్సినంత ఎత్తున పాకకి తీసుకుపోయాడు ఏడుకొండలు. ఇంటి స్విచ్చుతో నిమిత్తం లేకుండా పాక గుమ్మం పక్కనే ఇనప పెట్టెలో వేరే స్విచ్చు, వేరే ఫీజులు పెట్టాడు. పాక వెనక గొయ్యి తవ్వించి, నిలువునా గొట్టం దించి, చుట్టూ బొగ్గు ఒక వరసా ఉప్పు ఒక వరసా వేయించాడు. గంపల్లో ఉప్పు మోసుకొచ్చిన అమ్మాజీ ఆగలేక, "ఆవకాయ పెడుతున్నారా బాబాయిగారూ?" అని అడిగేసింది.

"ఆవకాయే తల్లీ. ఎక్కడన్నా కరెంటు దారి తప్పిందంటే మీ ఒంట్లోకి రాకుండా ఇందులోకి దిగిపోద్ది. ఇది ఎండకూడదు, రోజూ ఓ బిందె నీళ్ళు పొయ్యండి" అన్నాడాయన. వెళ్ళేముందు అందర్నీ పిలిచి గుమ్మం పక్క స్విచ్చు చూపించాడు. "ఏ అనుమానం వచ్చినా ముందు దీన్ని కిందికి వెయ్యండి. వాదించుకోటం ఆ తర్వాత."

దీపం వెలిగింది. అద్దకం మొదలైంది. సుబ్బాయమ్మ మాత్రం రాలేదు. పున్నారావుని పంపితే, "ఒంట్లో వాతం తగ్గలేదని చెప్పమంది" అని మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. ధనుంజయరావు ఆ మాట విని, కండువా భుజాన వేసుకుని తనే బయల్దేరాడు. హైమావతి వెంట వెళ్ళింది.

సుబ్బాయమ్మ మగ్గం గుంటలోంచి ముంతతో నీళ్ళు తోడి వీధిలో పారబోస్తోంది. వాళ్ళని చూసి కూడా పని ఆపలేదు. ధనుంజయరావు గుమ్మం బయటే నిలబడ్డాడు.

"తప్పు నాది సుబ్బాయమ్మా" అన్నాడు. "తీగ కొట్టిన మాట నిజం. దీపం వెలిగింది దాని మీద."

"నిజమని నాకు అప్పుడే తెలుసన్నయ్యగారూ. కొట్టించుకుంది నేనేగా!" ముంత పక్కన పెట్టింది సుబ్బాయమ్మ. "కొట్టినందుకు కాదు నా బాధ. ఇన్నేళ్ళు మీ బట్టలుతికాను. ఒక్క మాట చెబితే, నేను పని ఎగ్గొట్టేదాన్నని అనుకున్నారే, అదీ నా బాధ. రేపు మళ్ళీ ఏదో చెబుతాను. మళ్ళీ నవ్వుతారు. మళ్ళీ పొమ్మంటారు."

హైమావతి ముందుకొచ్చింది. "ఆయన సంగతి అటుంచు వదినా. ఆ రోజు నేను చూస్తూ ఊరుకున్నాను చూడు, దానికి నన్ను తిట్టు. ఇప్పుడు తిట్టినా పడతాను" అంది. అనేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుబ్బాయమ్మ మళ్ళీ ముంత అందుకుని, "ఈ నీళ్ళు తోడటం అయ్యాక వస్తాను పదండి" అంది.

వచ్చింది. తలెత్తి ఆకాశంలో వైరుని చూసింది, తీగలన్నీ పరకాయించి చూసింది, చెయ్యి వెనక్కి మడిచి వేళ్ళ వెనక వైపుతో ఒక్కో తీగనీ తాకి చూసింది. పనిలో పడింది. మర్నాడూ, ఆ మర్నాడూ ముసురు పడుతూనే ఉంది, బట్టలు ఆరుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, మబ్బు కమ్మి పాకంతా బల్బు వెలుగు మీదే నడుస్తోంది. పని తొందర మీద ధనుంజయరావు కూడా అద్దకానికి కూర్చున్నాడు. ఎర్ర అచ్చు రంగులో ముంచి, దుప్పటి నడిమి పువ్వు మీద దించబోతున్నాడు. పందిరి కిందినుంచి "అబ్బా!" అని సుబ్బాయమ్మ గొంతు వినిపించింది.

ఆయన ఏమైందని అడగలేదు. చేతిలో అచ్చు ఎక్కడ పడిందో చూసుకోలేదు. ఒక్క గంతులో గుమ్మం దగ్గరికి వచ్చి స్విచ్చు కిందికి వేశాడు. పాక చీకటైపోయింది. "ఎవరూ తీగ ముట్టుకోకండి!" అని అరుస్తూ ఒట్టి కాళ్ళతో బురదలోకి దిగాడు. వంటింట్లోంచి హైమావతి పరిగెత్తుకొచ్చింది.

సుబ్బాయమ్మ తన అరచెయ్యి వెలుతురుకి తిప్పి చూసుకుంటోంది. వేలి మీదినుంచి ఒక కండచీమని దులిపేసింది. ఆమె మొహం చిన్నబోయింది. "చీమే, అన్నయ్యగారూ" అంది. "తీగ మీద చీమ. అదే కుట్టింది."

లోపల దుప్పటి నడిమధ్యన అచ్చు అడ్డంగా పడి, ఎర్ర రంగు అరచేతి మేర పాకిపోయింది. పున్నారావు దాన్ని చూసి, సుబ్బాయమ్మని చూసి, ఏదో అనబోయాడు.

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు ధనుంజయరావు. ఆయనకింకా రొప్పు తగ్గలేదు. "చీమైతే మరీ మంచిది. ఏది కుట్టినా సరే, ఇట్టాగే అరువు సుబ్బాయమ్మా. నువ్వు అరవకుండా ఉండొద్దు."

సుబ్బాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో ఆమె కళ్ళు ఒత్తుకున్న సంగతి హైమావతికి తెలిసింది.

ధనుంజయరావు వెళ్ళి స్విచ్చు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "వెయ్యమంటావా సుబ్బాయమ్మా?"

సుబ్బాయమ్మ తీగ వంక చూసింది. గంగాళంలో ఇంకా మిగిలిన బట్టల వంక చూసింది. "కాసేపు ఆగండి" అంది. "ఇవి కూడా ఆరేసి చెబుతాను."

ఒక్కో బట్టా పిండి, విదిలించి, తీరిగ్గా ఆరేయడం మొదలుపెట్టింది. పాకలో మగవాళ్ళు చీకట్లో అచ్చులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ధనుంజయరావు స్విచ్చు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఆమె ఎప్పుడు చెబుతుందా అని చూస్తూ.